నొప్పి లేని దవడకూ సీబీసీటీ తీయాలా?

ప్రశ్న – దంతవైద్య విద్యార్థి:
ఇంప్లాంటు (కృత్రిమ పంటి వేరు) కోసం తీసిన సీబీసీటీలో, అంటే దవడ త్రీడీ స్కాన్‌లో, ఎవరూ ఊహించని దవడ తిత్తులు (సిస్టులు) బయటపడుతుంటాయి. అలాంటప్పుడు క్లినిక్‌కు మొదటిసారి వచ్చిన ప్రతి పేషెంటుకూ ఈ త్రీడీ స్కాన్ తీస్తే తప్పేమిటి?

రూట్ కెనాల్ నిపుణుడు:
తీయాలనే నేనంటాను. మెత్తని ఎముక లోపల గుంత పడినా, అది బయటి గట్టి పొరను తినేదాకా మామూలు ఎక్స్‌రేలో సరిగా కనిపించదని బెండర్, సెల్ట్‌జర్ అనే పరిశోధకులు 1961లోనే చూపారు. పై దవడపళ్ల దగ్గరైతే చెంప ఎముక నీడ వేళ్ల మీద పడి, ఉన్నది కూడా కనిపించదు. కెరటోసిస్ట్ అనే రకం దవడ తిత్తి మరీ మోసకారి. దవడను పెద్దగా ఉబ్బించకుండా మజ్జ వెంట పాకుతుంది కనుక, వాపు కనిపించే నాటికే చాలా ఎముకను తినేసి ఉంటుంది.

ఓరల్ రేడియాలజిస్టు:
డాక్టర్ గారూ, మీరు చెప్పినవన్నీ అనుమానం ఉన్నచోట స్కాన్ తీయడానికి కారణాలు. అనుమానమే లేనివారిని జల్లెడ పట్టడానికి కావు. అమెరికా ఎండోడాంటిస్టుల (రూట్ కెనాల్ నిపుణుల), ఓరల్ రేడియాలజిస్టుల సంఘాలు 2015 ఉమ్మడి ప్రకటనలో, లక్షణాలు లేనివారికి స్క్రీనింగ్ కోసం సీబీసీటీ వాడవద్దని స్పష్టంగానే చెప్పాయి. పంటికి తీసే చిన్న ఎక్స్‌రేలో రేడియేషన్ మోతాదు సాధారణంగా 10 మైక్రోసీవర్టులు (రేడియేషన్ కొలత) దాటదు. సీబీసీటీలో మెషీనును, తీసే వైశాల్యాన్ని బట్టి అది పదుల నుంచి వందల్లోకి పోతుంది. పిల్లల విషయంలో ఈ లెక్క మరింత బరువైనది.

స్టాఫ్నే గుంతనే తీసుకోండి. ఓపీజీలో (దవడంతా ఒకేసారి కనిపించే ఎక్స్‌రేలో) కింది దవడ మూల దగ్గర, నరం కాలువకు దిగువన, నల్లగా, గుండ్రంగా, అచ్చం తిత్తిలాగే ఉంటుంది. సీబీసీటీలో అడ్డకోత చూస్తే అది నాలుక వైపు ఎముకలో పడిన సొట్ట మాత్రమేనని తేలుతుంది, చికిత్స అక్కర్లేదు. ఇక్కడ స్కాన్ ఒక ఆపరేషన్‌ను తప్పించింది, అయితే ఓపీజీలో అనుమానం వచ్చాకే తీశాం. మరోవైపు, మెటల్ క్యాపు వల్ల స్కాన్‌లో దాని పక్కన పడే నల్లచారను జబ్బుగా చదివి, బాగున్న పంటిని తవ్వే ప్రమాదమూ ఉంది. ముఖం నొప్పికి ‘క్యావిటేషన్’ (ఎముకలో దాగిన గుల్ల) అని పేరు పెట్టి, స్కాన్‌లో కాస్త పలచబడ్డ ఎముకను గీకేసే వ్యాపారం గురించి ఇక్కడ చెప్పకపోవడమే మేలు.

రూట్ కెనాల్ నిపుణుడు:
అందరికీ తీయాలన్న మాట వెనక్కి తీసుకుంటాను. అయితే తీసిన స్కాన్‌ల సంగతేమిటి? ఇంప్లాంటు పెట్టే చోటు వరకే చూసి, మిగతా దవడను, సైనస్‌ను వదిలేసే రిపోర్టులు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. పేషెంటు రేడియేషన్ ఎలాగూ భరించాడు కదా!

ఓరల్ రేడియాలజిస్టు:
దానికి నేనూ ఒప్పుకుంటాను. తెరమీదికి వచ్చిన ప్రతి ముక్కనూ చదివి సంతకం పెట్టాల్సిందే. అంత చదవలేమనుకుంటే మూడు పళ్లు పట్టేంత చిన్న వైశాల్యమే తీయమని రాయాలి.