స్టూడియో పోర్ట్రెయిట్లలో కెమెరాను ల్యాప్‌టాప్‌కు కలిపి తీయడం: కనెక్షన్ తెగిపోవడం, తెర ముందు కస్టమర్లు

ఏలూరు_స్టూడియో:

అందరికీ నమస్కారం. ఏలూరులో మాకు ఒక చిన్న స్టూడియో ఉంది. రోజువారీ గిరాకీ పాస్‌పోర్టు ఫోటోలే అయినా, ఓణీల వేడుకకు ముందు అమ్మాయిని అలంకరించి తీసే పోర్ట్రెయిట్లు, సీమంతం ఫోటోలు, ఇంటిల్లిపాదీ వచ్చి తీయించుకునే పెద్ద ఫోటోలే మా ఆదాయానికి ఆధారం. ఇన్నాళ్ళూ కెమెరా వెనకనున్న 3 అంగుళాల తెర మీదే ఫోటోలు సరిచూసుకుంటూ వచ్చాము. పెద్ద తెర మీద అప్పటికప్పుడు చూసుకుంటే పని మెరుగుపడుతుందన్న ఆలోచనతో ఈమధ్య కెమెరాను ల్యాప్‌టాప్‌కు కలిపి టెథరింగ్ పద్ధతిలో తీయడం మొదలుపెట్టాము.

కెమెరా సోనీ ఏ7-3. మా దగ్గర పాత కెమెరా నాటి మైక్రో యూఎస్‌బీ కేబుల్ ఉండడంతో, దానికి రెండు ఎక్స్‌టెన్షన్లు తగిలించి 10 మీటర్ల దూరంలో, రిసెప్షన్ బల్ల మీదున్న విండోస్ ల్యాప్‌టాప్‌కు కలిపాము. కెమెరాను ల్యాప్‌టాప్ నుంచి నడిపే సోనీ వారి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇమేజింగ్ ఎడ్జ్ రిమోట్‌ను వాడుతున్నాము. తీసే ఫోటోలు అన్‌కంప్రెస్డ్ రా, అంటే కెమెరా సెన్సర్ పట్టిన సమాచారాన్ని కుదించకుండా దాచే పెద్ద ఫైళ్ళు. ఒక్కొక్క ఫోటో తెర మీదికి రావడానికి చాలా సెకన్లు పడుతున్నది. కెమెరాను నిలువుగా తిప్పినప్పుడు గానీ, కాసేపు షూటింగ్ ఆపినప్పుడు గానీ కనెక్షన్ తెగిపోతున్నది.

దీనికి తోడు మరొక ఇబ్బంది కూడా ఉంది. అమ్మాయితో వచ్చిన పెద్దమ్మలు, అత్తయ్యలు తెర చుట్టూ చేరి, ప్రతి ఫోటోకూ ‘బుగ్గలు లావుగా వచ్చాయి’, ‘ఇంకొంచెం తెల్లగా రావాలి’ అని అంటూ ఉంటే అమ్మాయి ముఖం బిగుసుకుపోతున్నది. కేబుల్ సమస్యకు పరిష్కారం ఏమిటో, కస్టమర్లకు తెరను చూపించాలా వద్దా అన్న విషయంలో మీ పద్ధతి ఏమిటో తెలియజేయగలరు. డబ్బు పెట్టి వేరే సాఫ్ట్‌వేర్ కొనవలసిన అవసరం ఉన్నదా?

---

బెజవాడ_లైట్స్:

ఏలూరు గారూ, కేబుల్ విషయం ముందు తేల్చుకుందాం, ఎందుకంటే అది సరిపడితే మిగతావి మాట్లాడుకోవడం తేలిక.

మీ కెమెరాకు ఎడమ పక్కన రెండు యూఎస్‌బీ పోర్టులు ఉంటాయి. ఒకటి మైక్రో యూఎస్‌బీ, రెండోది టైప్-సీ. మైక్రో పోర్టు పాత యూఎస్‌బీ 2.0 వేగంతోనే పనిచేస్తుంది, టైప్-సీ పోర్టు అంతకు ఎన్నో రెట్లు వేగం కలది. యూఎస్‌బీ 2.0కు కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు అని రాసి ఉన్నా, పనిలో చేతికొచ్చేది సెకనుకు 30 నుంచి 40 మెగాబైట్లు మాత్రమే. ఏ7-3 తీసే అన్‌కంప్రెస్డ్ రా ఫైలు ఒక్కొక్కటి దాదాపు 47 మెగాబైట్లు ఉంటుంది కాబట్టి, మీరు వరసగా నాలుగైదు ఫోటోలు తీస్తే అవన్నీ ఆ సన్నని దారిలో ఒకదాని వెనక ఒకటి వేచి ఉండవలసిందే.

ఇక పొడవు సంగతి. యూఎస్‌బీ 2.0కు ఒక కేబుల్ 5 మీటర్లకు మించకూడదని ఆ ప్రమాణంలోనే ఉంది. టైప్-సీ పోర్టు వేగానికి కావలసిన యూఎస్‌బీ 3.0 కేబుళ్ళకు 3 మీటర్లు దాటితే నమ్మకం సన్నగిల్లుతుంది. మామూలు ఎక్స్‌టెన్షన్లను ముడివేసుకుంటూ పోతే అతుకు పడిన ప్రతిచోటా సంకేతమూ, వోల్టేజీ కూడా పడిపోతాయి. నిలువుగా తిప్పినప్పుడు తెగిపోతున్నదంటే ప్లగ్గు దగ్గర బరువు లాగుతున్నదని అర్థం. అందువల్ల ల్యాప్‌టాప్‌ను రిసెప్షన్ నుంచి లేపి, కెమెరాకు దగ్గరగా చిన్న చక్రాల బల్ల మీదికి చేర్చి, 3 మీటర్ల లోపు మంచి టైప్-సీ కేబుల్ ఒక్కటే వాడడం ఉత్తమం. అంత దూరం తప్పదనుకుంటే, లోపల సంకేతాన్ని బలపరిచే చిప్ ఉన్న యాక్టివ్ కేబుల్ కొనాలి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. టైప్-సీ పేరుతో అమ్మే పొడవాటి కేబుళ్ళలో చాలావరకు ఫోన్ ఛార్జింగ్ కోసం చేసినవి, డేటా విషయంలో అవి 2.0 వేగం దాటవు. డేటా వేగం 5 జీబీపీఎస్ (సెకనుకు 5 గిగాబిట్లు) అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి.

కేబుల్‌ను నేరుగా పోర్టు మీద వేలాడనివ్వకండి. ట్రైపాడ్ మీద తీస్తే కాలికి ఒక చుట్టు చుట్టి, చేతితో పట్టుకుని తీస్తే స్ట్రాప్ కొక్కేనికి వెల్క్రోతో కట్టి, ప్లగ్గు దగ్గర కొంచెం వదులు ఉంచాలి. ఎవరి కాలైనా తగిలితే ఆ లాగుడు కట్టిన చోట ఆగిపోవాలి, పోర్టు దాకా రాకూడదు. టెథరింగ్ కేబుళ్ళు నారింజ రంగులో దొరకడానికి కారణం కూడా ఇదే, నేల మీద ఉన్నది అందరి కంటా పడాలి.

కాసేపు ఆపితే తెగిపోవడానికి కారణం బహుశా విండోస్‌లో ఉంటుంది. పవర్ ఆప్షన్లలో వాడకంలో లేని యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనే అంశాన్ని ఆపేయండి, స్లీప్‌ను కూడా ఆపేయండి. కెమెరాలో పవర్ సేవ్ సమయాన్ని పెంచండి. యూఎస్‌బీ పవర్ సప్లై ఆన్‌లో ఉంటే కెమెరా అదే కేబుల్ నుంచి కరెంటు కూడా లాగుతుంది, పొడవాటి కేబుల్ మీద అది అదనపు భారం కనుక ఒకసారి ఆఫ్ చేసి చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైనది వేరే ఉంది. అసలు రా ఫైలును ల్యాప్‌టాప్‌కు పంపవలసిన అవసరం మీకు ఉన్నదా? మీ కెమెరాలో పీసీ రిమోట్ సెట్టింగులలో ఫోటోలను దాచే చోటును ‘పీసీ + కెమెరా’ అని పెట్టి, రా, జేపెగ్ (కుదించిన చిన్న ఫోటో ఫైలు) రెండూ తీస్తూ, పీసీకి జేపెగ్ మాత్రమే వెళ్ళేలా ఎంచుకోవచ్చు. అప్పుడు రా కార్డులో భద్రంగా ఉంటుంది, తెర మీదికి వచ్చేది చిన్న ఫైలు కనుక ఆలస్యం దాదాపు కనిపించదు. కార్డులోనూ, ల్యాప్‌టాప్‌లోనూ ఫైలు పేరు ఒకటే వస్తున్నదో లేదో ముందుగా రెండు ఫోటోలు తీసి సరిచూసుకోండి. పేర్లు వేరైతే, కస్టమర్ ఎంచుకున్న జేపెగ్‌కు సరిపోయే రా ఏదో వెతకడం రాత్రి తెల్లవార్లూ చేసే పని అవుతుంది.

---

రీటచింగ్_డెస్క్:

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, తెర గురించి కొంత చెప్పదలచుకున్నాను. నా పని హైదరాబాదులో స్టూడియోలకు రీటచింగ్ చేయడం. పెద్ద షూట్లు ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ దగ్గర కూర్చునేది కూడా నేనే.

టెథరింగ్ వల్ల నిజంగా ఒరిగే లాభం ఏమిటంటే, తర్వాత ఫోటోషాప్‌లో గంట పట్టే పని అక్కడే అరనిమిషంలో చేత్తో సర్దవచ్చు. పట్టుచీర కుచ్చిళ్ళలో ఒక మడత తిరగబడి ఉంటుంది, పాపిటబిళ్ళ పక్కకు జరిగి ఉంటుంది, హారం వెనక్కు తిరిగి లక్క వైపు కనిపిస్తూ ఉంటుంది, జడలోని పూలదండ భుజం వెనక దాక్కుంటుంది, బ్లౌజు పిన్ను బయటికి కనిపిస్తుంది. ఇవేవీ 3 అంగుళాల తెర మీద కంటికి ఆనవు. అందుకని తెర ముందు కూర్చున్న మనిషి ఫోటో బాగుందా లేదా అని చూడకూడదు, తల నుంచి కాలి వరకు ఒక వరసలో వస్తువులను చూడాలి. కళ్ళను 100 శాతానికి పెంచి ఫోకస్ చూడడం ప్రతి ఫోటోకూ అక్కరలేదు. లైటు, దూరం మారినప్పుడల్లా ఒకసారి చూస్తే చాలు.

మన దగ్గర ప్రత్యేకంగా గమనించవలసినది ఎరుపు. కుంకుమ రంగు పట్టుచీరను స్ట్రోబ్ (స్టూడియో ఫ్లాష్) లైటులో తీస్తే, మొత్తం హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి ఎడమన, వెలుతురు కుడిన ఎంతెంత ఉన్నదో చూపే పటం) చక్కగా మధ్యలోనే ఉన్నట్టు కనిపించినా ఎరుపు ఛానల్ ఒక్కటీ కుడి గోడకు కొట్టుకుని ఉంటుంది. అలా అయితే చీర మడతలు, నేత అన్నీ కలిసిపోయి ఒక ఎర్రని ముద్దగా ప్రింటులో వస్తాయి. మూడు ఛానళ్ళనూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్‌ను తెర మీద తెరిచి ఉంచుకుని, అవసరమైతే చీర మీద పడే లైటును అర స్టాపు (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది) తగ్గించాలి. వడ్డాణం, జరీ అంచుల మీద మెరుపు తెల్లగా కాలిపోవడం కూడా అక్కడే పట్టుకోవాలి.

తెర వెలుతురును నమ్మడంలో మాత్రం జాగ్రత్త వహించాలి. స్టూడియోలో లైట్లు ఆర్పి, ల్యాప్‌టాప్ వెలుతురును పూర్తిగా పెంచి చూస్తే చీకటిగా తీసిన ఫోటో కూడా కళకళలాడుతూ కనిపిస్తుంది, అదే ఫోటో ల్యాబ్ నుంచి ఆల్బమ్‌గా వచ్చేసరికి నల్లబడి ఉంటుంది. కాలిబ్రేటర్ (తెర రంగులను కొలిచి సరిచేసే పరికరం) ఉంటే తెలుపు రంగును 6500 కెల్విన్‌కు, నడిమి ఛాయలను నిర్ణయించే గామాను 2.2కు, తెర వెలుతురును సుమారు 120 నిట్లకు సర్దుకోండి. అది లేకపోతే, ల్యాబ్ నుంచి వచ్చిన ఒక మంచి ప్రింటును మామూలు వెలుతురులో తెర పక్కన పెట్టుకుని, రెండూ దగ్గరగా కనిపించే వరకు తెర వెలుతురును తగ్గించి, ఆ మెట్టును ఎక్కడైనా రాసిపెట్టుకోండి. తక్కువ ధర ల్యాప్‌టాప్ తెరలు పక్క నుంచి చూస్తే రంగు మార్చేస్తాయి. చుట్టూ నిలబడిన నలుగురు పెద్దవాళ్ళు ఒకే ఫోటోను నలుగురూ నాలుగు రంగుల్లో చూసి వాదించుకోవడానికి అది కూడా ఒక కారణం! ‘ఇంకొంచెం తెల్లగా’ అన్నదానికి నా సమాధానం ఎప్పుడూ ఒకటే. మొదటి ఫోటోలో గ్రే కార్డు (బూడిద రంగు అట్ట) పట్టించి దాని నుంచి వైట్ బ్యాలెన్స్ (రంగులు ఉన్నవి ఉన్నట్టు వచ్చే సర్దుబాటు) తీసుకుంటాను, అమ్మాయి చర్మపు రంగు ఎలా ఉంటే అలా వస్తుంది. తెల్లబరచమని అడిగితే తర్వాత మాట్లాడుకుందామని చెప్పి, స్టూడియోలో మాత్రం ముట్టుకోను.

---

మెడిమిక్స్_లెన్స్:

తెరను కస్టమర్‌కు చూపించకూడదన్న అర్థం వచ్చేలా అందరూ మాట్లాడుతున్నారు, నేను ఒప్పుకోను. మా ఊరు వరంగల్. తెరను చూపించడం మొదలుపెట్టాకే పెద్ద సైజు ఫ్రేములు తీసుకునేవారు పెరిగారు. తమ బిడ్డ ముఖాన్ని చేతి వెడల్పు సైజులో చూసిన తల్లి వాలెట్ సైజు ప్రింటుతో సరిపెట్టుకోదు. కుటుంబ ఫోటోలో ఎవరు కళ్ళు మూశారో వాళ్ళే కనిపెట్టి, మరొకటి తీయమని వాళ్ళే అడుగుతారు, మనం చెప్పవలసిన పని లేదు.

అయితే ఎప్పుడు చూపించాలన్నదే అసలు విషయం. ఒక దుస్తుల జత పూర్తయ్యే వరకు తెర నా వైపు తిరిగి ఉంటుంది. అమ్మాయి చీర మార్చుకోవడానికి వెళ్ళిన సమయంలో, నేను ముందే ఎంచి నక్షత్రాలు పెట్టిన ఫోటోలను మాత్రమే వాళ్ళ వైపు తిప్పి చూపిస్తాను. కళ్ళు మూసినవీ, నోరు తెరిచినవీ వాళ్ళ కంట పడవు. ఆ వ్యాఖ్యలు వినడానికి అమ్మాయి కూడా అక్కడ ఉండదు. తీయించుకునే మనిషి ఎదురుగా ఆమె ముఖాన్ని ప్రతి రెండు నిమిషాలకూ చర్చకు పెడితే, ఎంత ధైర్యం ఉన్నవాళ్ళయినా బిగుసుకుపోతారు. ఒక్క మినహాయింపు ఉంది. కెమెరా ముందు మరీ బిడియపడే వాళ్ళకు, మొదటి పది నిమిషాలలో బాగా వచ్చిన ఒకే ఒక ఫోటోను చూపిస్తాను. తన ముఖం తనకు నచ్చితే ఆ తర్వాత భుజాలు వాటంతటవే దిగుతాయి.

---

ఏలూరు_స్టూడియో:

అందరికీ ధన్యవాదాలు. ల్యాప్‌టాప్‌ను కెమెరా దగ్గరికి మార్చి, టైప్-సీ కేబుల్‌తో, జేపెగ్ మాత్రమే పంపేలా పెట్టి చూశాము. ఫోటో తీసిన వెంటనే తెర మీదికి వస్తున్నది, నిలువుగా తిప్పినా తెగడం లేదు. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. నేను ఫోటోలు సరిచేసేది అడోబ్ వారి లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేర్‌లో. ఇమేజింగ్ ఎడ్జ్ నుంచి అందులోకి నేరుగా వచ్చే మార్గం ఉన్నదా? అలాగే లైట్లు వాడుతూ రిమోట్‌లో లైవ్ వ్యూ (కెమెరా అప్పటికప్పుడు చూస్తున్న దృశ్యం) తెరిస్తే మొత్తం నల్లగా కనిపిస్తున్నది, ఎందుకని?

---

బెజవాడ_లైట్స్:

రెండోది సులువు. మీరు ఎపర్చర్ ఎఫ్ 8, షట్టర్ 1/160 సెకను, ఐఎస్ఓ 100 దగ్గర తీస్తున్నారనుకుందాం. ఫ్లాష్ వెలగని సమయంలో ఆ సెట్టింగులకు గది నిజంగానే నల్లగా ఉంటుంది, కెమెరా ఉన్నదున్నట్టు చూపిస్తున్నది. మెనూలో లైవ్ వ్యూ డిస్‌ప్లే అనే చోట సెట్టింగ్ ఎఫెక్ట్‌ను ఆఫ్ చేయండి, మోడలింగ్ లైటులో (ఫ్లాష్‌లో ఎప్పుడూ వెలిగి ఉండే దీపం) మనిషి మామూలుగా కనిపిస్తారు. స్టూడియో నుంచి బయటికి వెళ్ళినప్పుడు మళ్ళీ ఆన్ చేసుకోవాలి.

లైట్‌రూమ్‌కు ఆటో ఇంపోర్ట్ అనే సదుపాయం ఉంది. ఇమేజింగ్ ఎడ్జ్ ఫోటోలను దాచే ఫోల్డర్‌ను దానికి చూపిస్తే, అక్కడ పడిన ప్రతి ఫైలునూ అది తీసుకుని మీరు చెప్పిన మరొక ఫోల్డర్‌లోకి మార్చి చూపిస్తుంది. మొదట అమర్చేటప్పుడు ఇమేజింగ్ ఎడ్జ్ ఫోల్డర్ ఖాళీగా ఉండాలి, లేకపోతే ఒప్పుకోదు. ఒక ప్రీసెట్ (ముందే దాచుకున్న సవరణల జాబితా) కూడా జతచేస్తే వచ్చే ఫోటోలన్నీ సరిచేసిన రూపంలోనే తెర మీద కనిపిస్తాయి, పెద్దవాళ్ళకు చూపించేటప్పుడు అది బాగా పనికొస్తుంది.

డబ్బు పెట్టి కొనవలసిన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందంటే అది క్యాప్చర్ వన్, టెథరింగ్‌కూ ఫోటోలు సరిచేయడానికీ రెంటికీ పనికొస్తుంది. ఒక ఫోటోకు చేసిన సవరణ తర్వాత వచ్చే ఫోటోకు తానే అంటుకోవడం, ఒక్కొక్క కస్టమర్‌కు వేరే సెషన్‌గా ఫోల్డర్లు ఏర్పడడం దానిలో హాయిగా ఉంటాయి. సోనీ కెమెరాల వాళ్ళకు ఉచితంగా దొరికిన దాని ఎక్స్‌ప్రెస్ రూపాన్ని 2024లో ఆపేశారు కాబట్టి ఇప్పుడు చందా గానీ లైసెన్సు గానీ కట్టవలసిందే. నెలకు నాలుగైదు ఓణీల షూట్లు చేసే స్టూడియోకు నా ఉద్దేశంలో అది అక్కరలేదు, ఆ డబ్బుతో ముందు ఒక కాలిబ్రేటరూ, అదనంగా ఒక కేబులూ కొనండి.

ఇంకొక్క మాట. ఏడాది నిండిన పిల్లల ఫోటోలకు కేబుల్ తీసేయండి. వాళ్ళు నేల మీద నారింజ రంగు తాడును చూస్తే బొమ్మను వదిలి దాని వెంటే వస్తారు.