నోరు మండింది, కళ్ళు మండాయి, కాళ్ళు మండుతున్నాయి: ఈ మంటలన్నీ ఒకటేనా?

మొన్నటి చర్చలో ఎవరో అడిగారు కదా, మిరపకాయ కొరికితే 'నోరు మండింది' అంటాం, మిరపకాయలో నిప్పు ఎక్కడుంది, ఇది అలంకారమా అని. చాలామంది అలంకారమే అన్నారు, ఒక మాస్టారు లక్షణార్థం (మాటకి అసలు అర్థం కాక, దాన్ని పట్టుకుని తోచే అర్థం) దాకా వెళ్ళారు. నా ఓటు మాత్రం వాచ్యార్థానికే, అంటే మాటకి ఉన్నదున్నట్టు అర్థానికే. దీనికి ఆధారం నిఘంటువులో దొరకదు, నరాల్లో దొరుకుతుంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మన కణాల పొరలో అయాన్ చానెల్స్ అని ఉంటాయి. ప్రోటీన్‌తో చేసిన బుల్లి ద్వారాలు అనుకోండి. మామూలుగా మూసి ఉంటాయి, ఏదో ఒకటి తట్టినప్పుడు తెరుచుకుంటాయి, అప్పుడు సోడియం, కాల్షియం లాంటివి లోపలికి దూకి నరంలో చిన్న కరెంటు పుట్టిస్తాయి, ఆ కబురు మెదడుకి వెళుతుంది. గుండె కొట్టుకోవడం నుంచి ఇన్సులిన్ విడుదల దాకా వీటితోనే పని. మీ ఇంట్లో బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకునేవాళ్ళు ఉంటే, ఆ మాత్ర చేసేది రక్తనాళాల కండరంలోని కాల్షియం ద్వారాలని అడ్డుకోవడమే. షుగరుకి గ్లిమిపిరైడ్ వాడేవాళ్ళకి క్లోమంలో పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి, దాంతో ఇన్సులిన్ బయటికొస్తుంది.

సరే, మంట దగ్గరికి వద్దాం. నొప్పిని మోసే నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే చానెల్ ఉంది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకుంటుంది. చెయ్యి చురుక్కుమనే వేడి అన్నమాట. దీన్ని 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది, 2021లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది, స్పర్శ చానెల్స్ కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. తమాషా ఏంటంటే వాళ్ళు వెతికింది వేడి కోసం కాదు, మిరపకాయలో ఉండే కాప్సైసిన్ దేనికి అతుక్కుంటుందో చూద్దామని. తీరా దొరికాక చూస్తే అదే ద్వారం వేడికీ తెరుచుకుంటోంది! మిరపకాయ తగిలినా, సలసల కాగే టీ తగిలినా మెదడుకి వెళ్ళే కబురు ఒక్కటే. అది చూసి ఒళ్ళు నిజంగానే వేడెక్కిందనుకుని మెదడు చెమటలు పట్టిస్తుంది. ఆవకాయ మొదటి ముద్దకి నెత్తి మీద చెమట పట్టే మా బాబాయికి ఈ సంగతి చెప్తే, "అయితే తప్పు నాది కాదన్నమాట" అని ఇంకో ముద్ద కలిపాడు.

ఇంకో రుజువు స్పిరిట్. దెబ్బ మీద స్పిరిట్ దూది పెడితే చర్మానికి చల్లగానే ఉండాలి, కానీ ప్రాణం పోయేంత మంట. ఆల్కహాల్ తగిలితే ఈ ద్వారం తెరుచుకునే హద్దు సుమారు 34 డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది. అంటే మన ఒంటి వేడే దాన్ని తెరిచేస్తుంది, మన వేడికి మనమే మండుతాం. వాచిన చోట కూడా హద్దు ఇలాగే దిగుతుంది, అందుకే గోరువెచ్చటి నీళ్ళు కూడా పుండు మీద పడితే భగ్గుమంటుంది.

ఉగాది పచ్చడిలో కారం కూడా ఒక రుచే కదా అన్నవారికి: అవును, షడ్రుచుల్లో కారం ఉంది, నాలుక మీది రుచి మొగ్గల లెక్కలో మాత్రం లేదు. నాలుకకి తీపి తెలియాలి గానీ కంటికి తీపి తెలియదు. కారం అలా కాదు, కంట్లో పడినా, ముక్కులోకి ఎగిరినా, మిరపకాయల తొడిమలు తీసి తీసి చేతులకి అంటినా మంటే. గుంటూరు వైపు మిరపకోతలకి వెళ్ళేవాళ్ళని అడగండి. తెలుగు ఇక్కడ చాలా శుభ్రంగా ఉంది, కారం వస్తువుది, మంట ఒంటిది. 'కూర కారంగా ఉంది, నోరు మండుతోంది' అనే మామూలు వాక్యంలో రెండూ వేటికవి వాటి చోట్లో ఉన్నాయి. అన్నట్టు, చిలక్కి ఈ రెండో సగం, అంటే మంట, ఉండదు, మిరపపండు హాయిగా తినేస్తుంది. కోళ్ళ మీద 2002లో చూస్తే, వాటి ద్వారం వేడికి తెరుచుకుంది, కాప్సైసిన్‌కి తెరుచుకోలేదు. మిరపమొక్కకి ఇది లాభమే, ఎలకలు గింజల్ని నమిలేస్తాయి, పిట్టలు గింజల్ని చెడగొట్టకుండా మోసుకెళ్ళి పారేస్తాయి. (కారానికి నీళ్ళు తాగితే తగ్గదు, కాప్సైసిన్ నీళ్ళలో కరగదు. పెరుగో పాలో తాగండి.)

ఇక్కడ ఒక హెచ్చరిక. "చూశారా, కారమూ వేడీ ఒకటేనని మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు" అని ఒకరిద్దరు మురిసిపోయారు. అంత సీన్ లేదండీ. మిరపకాయ పోర్చుగీసువాళ్ళతో వచ్చింది, అంతకుముందు మన కారం మిరియాలది. మిరియాల్లోని పైపరిన్ కూడా ఇదే ద్వారాన్ని తడుతుంది కాబట్టి మాట మార్చే అవసరం రాలేదు, అంతే. 'మంట' అనే మాట ఒంటికి ఎలా ఉందో చెప్తుంది, లోపల ఏం జరిగిందో చెప్పదు. షుగరు ముదిరినవాళ్ళ అరికాళ్ళ మంటలు చూడండి. అక్కడ వేడీ లేదు, కారమూ లేదు, దెబ్బతిన్న నరాలు వాటంతట అవే కబుర్లు పంపుతుంటాయి. అందులో సోడియం చానెల్స్ పాత్ర పెద్దది. ఎన్‌ఏవీ1.7 అనే సోడియం చానెల్ జన్యువులో మార్పు వల్ల ఆ ద్వారం అతి తేలిగ్గా తెరుచుకునే జబ్బు ఒకటుంది, కాళ్ళూ చేతులూ ఎర్రబడి నిప్పుల మీద పెట్టినట్టు మండుతాయి, 2004లో తేలింది. అదే జన్యువు పూర్తిగా పనిచెయ్యని పిల్లలు ఉత్తర పాకిస్తాన్‌లో కొన్ని కుటుంబాల్లో దొరికారు, 2006లో ఆ పరిశోధన వచ్చింది. వాళ్ళకి పుట్టుకతోనే నొప్పి తెలియదు. తెలియకుండానే పెదాలు, నాలుక కొరికేసుకున్నారు. అందులో ఒక కుర్రాడు వీధుల్లో నిప్పుల మీద నడిచి చూపించేవాడట, పరిశోధకులు కలిసేలోపే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు.

మందుల సంగతి అడిగినవాళ్ళకి. టీఆర్‌పీవీ1ని మూసేస్తే నొప్పులు పోతాయి కదా అని కంపెనీలు ఎగబడ్డాయి, తీరా మనుషులకి ఇచ్చి చూస్తే కొందరికి ఒళ్ళు 39, 40 డిగ్రీలకి కాలిపోయింది. ఒంటి వేడిని అదుపులో పెట్టే పనిలో కూడా ఆ చానెల్ ఉందని అప్పుడు బాగా అర్థమైంది. అటు పని కుదరలేదు గానీ తలకిందులుగా కుదిరింది: 8 శాతం కాప్సైసిన్ ఉన్న పట్టీని చర్మానికి అంటిస్తే, నరం కొసలు ఆ దాడికి అలిసిపోయి కొన్ని వారాలు మౌనంగా ఉంటాయి. అక్కి తగ్గాక కూడా వదలకుండా వేధించే మంటకి దాన్ని అమెరికాలో 2009లో అనుమతించారు, షుగరు పాదాల నొప్పికి 2020లో.

నాకు అసలు మండేది వేరే చోట. మా పెద్దమ్మ ఆసుపత్రిలో "అరికాళ్ళు మంటలు నాయనా, రాత్రిళ్ళు దుప్పటి తగిలినా ఓర్చుకోలేను" అని స్పష్టంగా చెప్పింది, అక్కడ కుర్రాడు కంప్యూటర్లో 'కాళ్ళ నొప్పులు' అని కొట్టేశాడు, నొప్పి మాత్రలు చేతికొచ్చాయి. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు, ఇవన్నీ నరాల జబ్బుని పట్టుకోవడానికి డాక్టర్లు విడివిడిగా అడిగే ప్రశ్నలు. మామూలు నొప్పి మాత్రలు వాటికి పెద్దగా పనిచెయ్యవు, వాటికి మందులే వేరు. పోటు, సలుపు, గుంజుడు, తీపు అని ఇన్ని మాటలు ఉన్న మనం ఆసుపత్రి గుమ్మం దాటగానే అన్నిటినీ 'పెయిన్' చేసేస్తున్నాం.

ఇక 'ఒళ్ళు మండింది', పక్కింటి కొత్త కారు చూసి వచ్చే కడుపుమంట, వీటికి ఏ చానెలూ ఇంకా దొరకలేదు కాబట్టి మాస్టారు చెప్పిన లక్షణార్థం అక్కడ వాడుకోవచ్చు. ఎసిడిటీ కడుపుమంట మాత్రం మళ్ళీ మన జాబితాలోదే, టీఆర్‌పీవీ1 ఆమ్లానికి కూడా స్పందిస్తుంది.

శ్రీకాకుళం, పాలమూరు, అనంతపురం వైపు వాళ్ళు, మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అరికాళ్ళ మంటని ఏ మాటతో చెప్తారో కింద రాయండి. 'చిమచిమ' అనేది మా ఇంట్లో విన్నదే, ఇంకా ఏమున్నాయో చూద్దాం.