కారు సీట్లు విప్పి కార్పెట్ కడిగితే కింది ఫోమ్ ఆరేదెలా?

నా కారు ముందు సీట్లు విప్పి కార్పెట్ కడగాలి. సీటుకి నాలుగు బోల్టులు, 14 ఎంఎం సాకెట్. ముందుకి జరిపి వెనక రెండు, వెనక్కి జరిపి ముందు రెండు. కింద పసుపు కనెక్టర్ ఎయిర్‌బ్యాగ్‌ది. బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగి పీకితే చాలా? అది ఊడి ఉండగా ఇగ్నిషన్ వేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, చాలా కార్లలో స్కానర్ పెడితేగానీ పోదు. కాబట్టి తాళం జోలికి వెళ్లను.

అసలు భయం ఫోమ్‌తోనే. పైన తడిమితే పొడిగా ఉంటుంది, వేలితో గట్టిగా నొక్కితే నీళ్లు ఊరతాయి. అలాగే సీట్లు బిగిస్తే ముక్కవాసన, పైగా ఫ్లోర్‌కి తుప్పు. తక్కువ నీళ్లతో నురుగు రుద్ది వాక్యూమ్‌తో లాగితే సరిపోతుందా, తలుపుల దగ్గర కార్పెట్ అంచుని పట్టి ఉంచే సిల్ ప్లేట్లు ఊడదీసి కార్పెట్ మొత్తం ఎత్తాల్సిందేనా?