డార్విన్‌ని చదవాలంటే ముందు ఆయన పుస్తకమా, పాఠ్యపుస్తకమా?

మొలకగింజ:
బీఎస్సీ జువాలజీ రెండో ఏడు. ఈ సెలవుల్లో డార్విన్‌నీ, పరిణామ సిద్ధాంతాన్నీ సొంతంగా చదువుకుందామనుకుంటున్నా. మా సారేమో 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్'తోనే మొదలుపెట్టమన్నారు. సీనియర్లు ఆ పాత ఇంగ్లిష్ జోలికి పోవద్దంటున్నారు. పాత పుస్తకాల షాపులో ఒక కాపీ కొన్నా, నలభై పేజీలకే ఆగిపోయా. ఎవరి మాట వినాలి?

క్రోమోజోమ్:
సీనియర్ల మాటే విను తమ్ముడూ. అది 1859 నాటి పుస్తకం. వారసత్వ సూత్రాలు చెప్పిన మెండెల్ పేపర్ వచ్చిందే 1866లో, దాన్ని లోకం పట్టించుకున్నది 1900లో. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకెలా వస్తాయో డార్విన్‌కి చివరిదాకా అంతుపట్టలేదు. దానికి 1868లో ఆయన ఇచ్చిన వివరణ, పాంజెనిసిస్, తప్పని తేలిపోయింది. ఫిజిక్స్ నేర్చుకోవడానికి న్యూటన్ 'ప్రిన్సిపియా' ముందేసుకుని ఎవరైనా కూర్చుంటారా? పరీక్షలో ఒక జీవుల గుంపులో జన్యురూపాల నిష్పత్తి కట్టే హార్డీ-వీన్‌బర్గ్ లెక్కలొస్తాయి, పావురాలు రావు.

పావురాలగూడు:
పరీక్షలో రావు సరే. చదువుకుందామనుకుంటున్నా అన్నాడు కదండీ, పాసవుదామని అనలేదు.

ఆ పావురాల దగ్గరే ఒక్క నిమిషం ఆగండి. మొదటి అధ్యాయంలో డార్విన్ తెల్లటి ఫ్యాన్‌టెయిల్ పావురాల్ని నల్లటి బార్బ్ పావురాలతో జతకట్టిస్తాడు. పిల్లలు గోధుమ, నలుపు మచ్చలతో పుట్టాయి. వాటిని మళ్లీ వాటిలోనే జతకట్టిస్తే, మనవల్లో ఒకటి నీలంగా, రెక్క మీద రెండు నల్ల చారలతో, అచ్చం అడవి పావురంలా వచ్చింది! తాతది తెలుపు, అమ్మమ్మది నలుపు, ఈ నీలం ఎక్కడిది? జన్యువు అన్న మాటే తెలియని మనిషి, ఇన్ని రకాలకీ మూలం ఒకటేనని అక్కడినుంచి వాదిస్తాడు. ఆ చారలు మన బాల్కనీల్లో రెట్టలేసే పావురాల మీద కూడా ఉంటాయి, చూడండి.

ఇంకోటి. ఇండియా నుంచి పావురాల చర్మాలు పంపినందుకు ఇలియట్ అనే ఆయనకి అదే అధ్యాయంలో కృతజ్ఞతలు చెప్తాడు. ఉత్తర సర్కార్లకు కమిషనర్‌గా చేసిన వాల్టర్ ఇలియట్ ఈయనే. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించిందీ ఈయనే. ఈ సంగతి తెలిశాక నాకైతే ఆ పుస్తకం పరాయిది అనిపించలేదు.

మొలకగింజ, ఒకసారి విషయసూచికలో అధ్యాయాలెన్నో లెక్కపెట్టు. పద్నాలుగా, పదిహేనా?

వేపచెట్టు:
గాలపగోస్ పిచ్చుకల ముక్కుల కథ కూడా ఆరిజిన్‌లోనే ఉంటుందిగా, దాంతో మొదలుపెడితే సులువు.

క్రోమోజోమ్:
లేదండీ, అందరూ పొరబడేది అక్కడే. ముక్కుల సంగతి, బీగిల్ ఓడలో చేసిన ప్రయాణం గురించి ఆయన రాసిన యాత్రా గ్రంథంలో ఉంది. పరిణామానికి గట్టి రుజువుగా అది నిలబడింది ఇరవయ్యో శతాబ్దంలో. జీవశాస్త్రవేత్తలైన గ్రాంట్ దంపతులు 1973 నుంచి గాలపగోస్‌లోని డాఫ్నీ మేజర్ దీవిలో పిట్టల్ని పట్టి ముక్కులు కొలిచారు. 1977 కరవులో చిన్న గింజలు అయిపోయి, గట్టి గింజలు పగలగొట్టగలిగే పెద్ద ముక్కు పిట్టలే ఎక్కువగా బతికాయి. ఈ మార్పు మన కళ్లముందు జరిగేది కాదనుకున్నాడు డార్విన్. మరి ముందు ఏది చదవాలి?

మొలకగింజ:
పదిహేను ఉన్నాయి.

పావురాలగూడు:
అనుకున్నా. అది 1872 నాటి ఆరో కూర్పు. విమర్శకులకి జవాబులు చెప్పడానికే ఒక అధ్యాయం అదనంగా చేర్చాడు, వాదన బరువెక్కింది. మొదటి కూర్పులో ఆ బరువు లేదు. డార్విన్ ఆన్‌లైన్ సైట్‌లో ఆరు కూర్పులూ ఉచితంగా ఉన్నాయి. 1859ది తీసుకుని మొదటి నాలుగు అధ్యాయాలు, ఆఖరిది చదువు. విసుగొస్తే డార్విన్ ఉత్తరాలు చదువు. కేంబ్రిడ్జ్ వాళ్ల డార్విన్ కరెస్పాండెన్స్ ప్రాజెక్ట్ సైట్‌లో సుమారు 15,000 ఉత్తరాలున్నాయి. పిట్టలు, బార్నకిల్స్ (రాళ్లకి అతుక్కుని బతికే సముద్రజీవులు), కడుపునొప్పి, అన్నీ ఉంటాయి. గ్రాంట్ల పని ఆ తర్వాత చదివితే డార్విన్ ఎక్కడ తప్పాడో నీకే తెలుస్తుంది.

క్రోమోజోమ్:
నాలుగు అధ్యాయాలైతే ఒప్పుకుంటా. అవయ్యాక ఇక్కడికే రా తమ్ముడూ, హార్డీ-వీన్‌బర్గ్ లెక్క ఒకటిస్తా.