షిఫ్టు డ్యూటీ, ఇల్లు, చర్చి పిలుపు: మూడూ నడవడం లేదు, సలహా చెప్పండి

మాది విజయనగరం. కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో సభ్యులం (జనం మోర్మన్లు అంటారు, అదే). ఆరు నెలల క్రితం విశాఖలోని మా బ్రాంచికి (చిన్న స్థానిక సంఘం) క్లర్కుగా, అంటే రికార్డులు, లెక్కలు చూసే సేవకు, పిలుపు వచ్చింది. మాకు జీతం తీసుకునే పాస్టర్లు ఉండరు, పనులన్నీ సభ్యులవే. ఆదివారం కూడికలు 2019 నుంచి రెండు గంటలే. కానీ దశమభాగం (ఆదాయంలో పదోవంతు కానుక) కవర్లు ఇద్దరం కూర్చుని ఆ రోజే లెక్కపెట్టి నమోదు చేయాలి. ఉదయం 7కి బస్సెక్కితే ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం 3.

ఫ్యాక్టరీలో నా వీక్లీ ఆఫ్ గురువారం. ఆదివారాలు తోటివాళ్లతో మార్చుకుని, బదులుగా వాళ్ల నైట్లు చేశాను. కీర్తన మధ్యలోనే కునుకు పట్టింది, పక్కాయన మోచేత్తో పొడిచాడు. మూడు వారాలకోసారి బి షిఫ్టు, 2 నుంచి 10. ఆ వారం సోమవారం కుటుంబ సాయంకాలం (ఇంట్లో అందరం కలిసి ప్రార్థన, పాఠం చేసుకునేది) గల్లంతే. ఉదయం 6కి పెట్టి చూశాం. పిల్లల స్కూలు హడావుడిలో రెండుసార్లకే ఆగిపోయింది. మొన్న మా పాప నా టిఫిన్ బాక్సు చూసి, "ఈరోజు డ్యూటీయా, చర్చా నాన్నా?" అంది.

పిలుపు వదులుకోవాలని లేదు. అసిస్టెంట్ క్లర్కును అడిగి ఆదివారాలు పంచుకోవడం మీలో ఎవరికైనా పనిచేసిందా, లేక బ్రాంచి అధ్యక్షుణ్ణి ఈ పిలుపు నుంచి విడుదల అడగడమే మేలా?