ఇంగ్లీషు సంభాషణల్లో కొటేషన్ గుర్తులు: అభ్యాసంలో సరి, సొంత కథలో తప్పు

కోనసీమలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. కథాస్థలం, సంఘర్షణ, పాత్రల నమూనాలు పిల్లలకు బాగానే పట్టుబడ్డాయి. నవ్విస్తూనే బోల్తా కొట్టించే కొంటె పాత్ర అనగానే తోలుబొమ్మలాటలోని కేతిగాడిని వాళ్లే గుర్తుచేశారు. చిక్కంతా విరామచిహ్నాల దగ్గరే, అదీ సంభాషణ రాసేటప్పుడే.

నేనిచ్చిన వాక్యాల్లో గుర్తులు పెట్టమంటే తరగతిలో ఎక్కువమంది సరిగ్గా పెడతారు. సొంత కథలో మాత్రం తప్పుతారు. మొన్న ఒక అమ్మాయి రేవులో పడవవాడికీ కొబ్బరికాయల వ్యాపారికీ బేరం రాసింది. మాటలు ఎంత సజీవంగా ఉన్నాయో! కానీ మూసే కొటేషన్ గుర్తు పడవవాడి మాట చివర కాకుండా, అన్నది ఎవరో చెప్పే భాగం కూడా అయ్యాక పడింది. కామా లేదు. వ్యాపారి జవాబు కొత్త పేరాలో కాక అదే వరుసలో సాగిపోయింది. చాలా నోటుపుస్తకాల్లో ఇదే తీరు.

రంగు సుద్దలతో మాటలను వేరుచేసి చూపించాను. పాత్రలు పంచి, గుర్తుల లోపల ఉన్నదే పలకమన్నాను. గుర్తులు తీసేసిన పేరాలిచ్చి దిద్దించాను. ఆ పీరియడ్ వరకు ఫలితం కనిపిస్తుంది, తర్వాతి వారం కథలో మళ్లీ అదే తప్పు. ఎర్ర సిరాతో నింపేస్తే ఆ పిల్ల మళ్లీ సంభాషణ జోలికే పోదేమోనని భయం.

కథ రాసే ఉత్సాహం చెడకుండా, పిల్లలు తమ చిత్తుప్రతిలో ఈ గుర్తులను తామే సరిచూసుకునేలా మీ తరగతిలో ఏ పద్ధతి నిలకడగా పనిచేసింది?