అప్‌డేట్: బెంగళూరు మిద్దె మీద గులాబీలు మళ్లీ పూస్తున్నాయి

వానాకాలంలో మా కుండీల గులాబీలకు నల్లమచ్చలు పడి, ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయని, ఏం చేయాలని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. కొత్త చిగుళ్లు శుభ్రంగా ఉన్నాయి.

మందుకంటే నీళ్ల పద్ధతే ఎక్కువ పనిచేసిందని నా లెక్క. ఆ నల్లమచ్చల ఫంగస్ అంటుకోవాలంటే ఆకు దాదాపు 7 గంటలు తడిగా ఉండాలట. ఇక్కడ సాయంత్రం వాన పడితే తెల్లారేదాకా ఆరదు మరి! కుండీలు ఎడంగా జరిపాం, పొద్దున్నే ఆకులు తడవకుండా మొక్క మొదట్లో మాత్రమే నీళ్లు పోస్తున్నాం. రాలిన ఆకులు కంపోస్టులో వెయ్యట్లేదు, చెత్తబండికే.

కత్తిరింపు కూడా మీరన్నట్టే వానలు తగ్గాక అక్టోబరులో చేశాం. చలిదేశాల వీడియోలు చూసి ఫిబ్రవరిదాకా ఆగాలన్న మా ఆయన ఇప్పుడు మాట్లాడట్లేదు. బయటివైపు తిరిగిన కన్నుకు (కొమ్మ మీద చిగురు వచ్చే చోటుకు) కాస్త పైన, ఏటవాలుగా కోశాం. ఆరేడు వారాలకల్లా మొగ్గలొచ్చాయి. వాడిన పువ్వును ఐదాకుల రెమ్మ దాకా తుంచేస్తుంటే పక్కనుంచి ఇంకో కొమ్మ వస్తోంది. అంటు కింద నుంచి జోరుగా లేచిన కొమ్మను మాత్రం పీకేశాం, అది గులాబీని అంటు కట్టిన అడుగు వేరుమొక్కదే.

తెల్లగులాబీ ఒక్కటే మొండికేసింది. మొగ్గ అంచులు గోధుమరంగుకు తిరిగి, విచ్చుకోకుండానే ఎండిపోతోంది. తెల్లకాగితం మీద దులిపితే సన్నటి తామరపురుగులు కనిపించాయి. నీలం జిగురు అట్టలు కట్టాను, పాడైన మొగ్గలు తుంచేస్తున్నాను. వేపనూనె మొగ్గ లోపలికి వెళ్లదు కదా, ఇంకేమైనా వాడినవాళ్లుంటే చెప్పండి.